మీటరు లెక్క, చందా లెక్క



2023 ఫిబ్రవరి 18. శనివారం. ఆ రోజు శివరాత్రి. ఉపవాసం, జాగరణ. గుడిదాకా వెళ్లలేని పెద్దవాళ్లు చాలామంది ఆ రాత్రి టీవీ ముందే కూర్చుని మేలుకుంటారు. సరిగ్గా ఆ శివరాత్రికే దేశంలో లక్షల ఇళ్లలో స్టార్, జీ, సోనీ ఛానళ్లు ఆగిపోయాయి. కేబుల్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో ఆగాయి. బాక్స్ పాడైందేమో అనుకున్నారు కొందరు. వైరు కదిపి చూశారు కొందరు. ఇలాంటప్పుడు కేబుల్ ఆపరేటరుకు ఫోన్ చేస్తే ఏం చెబుతాడో మీకు తెలుసు. "మా చేతిలో ఏం లేదండీ, పైనుంచే కట్ చేశారు" అంటాడు.

పైన అంటే ఎవరు? ఎందుకు కట్ చేశారు? ఆ గొడవలో నెలనెలా డబ్బు కట్టే మనకు ఏమైనా మాట ఉందా? ఈవేళ దీని గురించే మాట్లాడుకుందాం.

ఒక్క సంగతి ముందుగా చెబుతాను. మళ్లీ మళ్లీ చెబుతాను కూడా. టీవీ వ్యాపారంలో రెండు లెక్కలున్నాయి. ఒకటి మీటరు లెక్క. రెండోది చందా లెక్క. మీటరు లెక్కలో మీ ఇల్లు దాదాపుగా ఉండదు. చందా లెక్కలో మీ ఇల్లు ప్రతి నెలా ఉంటుంది. మనం మాత్రం మొదటి లెక్క గురించే మాట్లాడుకుంటాం. ఏ సీరియల్‌కు ఎంత టీఆర్పీ, ఏ ఛానల్ నంబర్ వన్ అని వాదించుకుంటాం. మన చేతిలో ఉన్న రెండో లెక్కను పట్టించుకోం.

ముందు మీటరు సంగతి చూద్దాం.

ఎవరు ఏ కార్యక్రమం చూస్తున్నారో తెలుసుకోవాలన్న ఆలోచన పాతదే. ఆకాశవాణికి శ్రోతల పరిశోధన విభాగం ఉంది. దూరదర్శన్ ఒకప్పుడు ఎంపిక చేసిన ఇళ్లకు డైరీలు ఇచ్చేది. ఇంట్లోవాళ్లు తాము చూసినవి అందులో రాసేవారు. ప్రైవేటు ఛానళ్లు వచ్చాక ఇళ్లలో మీటర్లు పెట్టడం మొదలైంది. చాలాకాలం ఆ పని టామ్ అనే సంస్థ చేసింది. 2015 ఏప్రిల్ నుంచి బార్క్ చేస్తోంది. బార్క్ ప్రభుత్వ సంస్థ కాదు. ఛానళ్లవాళ్లు, ప్రకటనలిచ్చే కంపెనీలు, ప్రకటనల ఏజెన్సీలు కలిసి పెట్టుకున్న సంస్థ. ముంబయిలో ఉంటుంది. అందులో ఛానళ్లవాళ్ల సంఘానిది 60 శాతం వాటా.

మీటరు ఎలా పనిచేస్తుంది? ప్రతి ఛానల్ తన ధ్వనిలో ఒక గుర్తును కలిపి పంపుతుంది. మన చెవికి అది వినపడదు. మీటరుకు వినపడుతుంది. ఆ గుర్తును బట్టి ఏ ఛానల్ నడుస్తోందో మీటరు పట్టేస్తుంది. మరి చూస్తున్నదెవరు? మీటరున్న ఇంట్లో ఒక ప్రత్యేకమైన రిమోట్ ఇస్తారు. నాన్నమ్మకు ఒక బటన్, కోడలికి ఒక బటన్, మనవడికి ఒక బటన్. టీవీ ముందు కూర్చున్నవాళ్లు ఎవరి బటన్ వాళ్లు నొక్కాలి. లేచి వెళితే మళ్లీ నొక్కాలి.

అలా వచ్చిన సమాచారం నుంచి అంకె తీస్తారు. అందులో ఎంతమంది చూశారన్నదే కాదు, ఎంతసేపు చూశారన్నదీ కలుస్తుంది. ఒక సీరియల్ 30 నిమిషాలు వచ్చిందనుకోండి. పదిమంది మొత్తం చూశారు. ఇంకో పదిమంది 15 నిమిషాలు చూసి వెళ్లిపోయారు. చూసినవాళ్లు 20 మంది. కానీ సగటున ఒక నిమిషానికి చూసినవాళ్లు 15 మంది. ప్రకటన ధర మాట్లాడేటప్పుడు ఈ 15 ముఖ్యం. అందుకే సీరియల్‌లో సరిగ్గా ప్రకటనకు ముందు తలుపు చప్పుడవుతుంది. ఎవరొచ్చారో చూపించరు. మీరు లేచి వెళ్లకుండా ఉండాలి మరి.

వారం వారం, గురువారం నాడు ఈ అంకెలు బయటికి వస్తాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలను కలిపి ఒకే మార్కెట్‌గా లెక్క కడతారు. రాష్ట్రం విడిపోయింది గానీ రేటింగుల పట్టికలో ఇప్పటికీ మనం ఒకటే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎన్ని ఇళ్లలో మీటర్లున్నాయి? 2025లో కేంద్ర సమాచార ప్రసార శాఖ చెప్పిన లెక్క వినండి. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు సుమారు 23 కోట్లు. మీటర్లు సుమారు 58 వేలు. అంటే దాదాపు 4,000 ఇళ్లకు ఒక మీటరు. మీ ఊళ్లో 4,000 గడపలుంటే ఒక్క గడపలో మీటరు ఉండొచ్చు. అది మీ గడప కాదనే అనుకోవచ్చు.

ఇంత తక్కువ ఇళ్లతో లెక్క కట్టడం అన్యాయం కదా అని మీకు అనిపించవచ్చు. తొందరపడి అనకండి. ధాన్యం అమ్మిన రైతుకు ఇది బాగా తెలుసు. ఐకేపీ కొనుగోలు కేంద్రంలో రాశి పోస్తాం. తేమ చూసే మనిషి రాశి అంతా కొలవడు. గుప్పెడు గింజలు తీసి యంత్రంలో పోస్తాడు. 17 శాతం లోపుంటే సరే. దాటితే ఆరబెట్టుకు రమ్మంటాడు. ఆ గుప్పెడు మీద రాశి మొత్తం భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది. గుప్పెడు సరిగ్గా తీస్తే తప్పు లేదు. పైన కొంచెం, నడుమ కొంచెం, అడుగున కొంచెం తీయాలి. ఎండ తగిలిన పైపొరలో మాత్రమే తీస్తే ఆ లెక్క తప్పు. ఎక్కడ చెయ్యి పెడతాడో ముందే తెలుసుకుని అక్కడ ఎండు గింజలు పోస్తే అది మోసం.

టీవీ మీటర్లకూ ఈ రెండు జబ్బులూ వచ్చాయి.

మొదటిది పైపొర జబ్బు. టామ్ రోజుల్లో మీటర్లన్నీ పట్టణాల్లోనే ఉండేవి. పల్లె ఏం చూస్తోందో ఆ లెక్కలో లేదు. దేశంలో సగానికి పైగా జనం పల్లెల్లో ఉంటే, వాళ్ల ఇష్టానికి అంకె లేదు. అంకె లేకపోతే ప్రకటన లేదు. ప్రకటన లేకపోతే వాళ్లకోసం కార్యక్రమం చేసేవాడూ లేడు. 2015 అక్టోబరులో బార్క్ పల్లెలను కూడా లెక్కలోకి తెచ్చింది. దాంతో ఉచిత ఛానళ్లకు ఉన్న ఆదరణ ఒక్కసారిగా బయటపడింది. జనం అప్పటిదాకా చూడక కాదు. ఎవరూ లెక్కపెట్టక.

రెండోది ఎండు గింజల జబ్బు. మీటరు ఏ ఇంట్లో ఉందో రహస్యంగా ఉంచాలి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఆ మాట ఉంది. కానీ 2020 అక్టోబరులో ముంబయి పోలీసులు ఒక కేసు పెట్టారు. మీటరున్న ఇళ్లవాళ్లకు డబ్బిచ్చి కొన్ని ఛానళ్లు పెట్టి ఉంచమన్నారని ఆరోపణ. దేశమంతా గగ్గోలైంది. బార్క్ వార్తా ఛానళ్ల రేటింగులు ఇవ్వడం ఆపేసింది. 12 వారాలకని ఆపిన రేటింగులు మళ్లీ వచ్చేసరికి 2022 మార్చి అయింది. దాదాపు ఏడాదిన్నర వార్తా ఛానళ్లు అంకె లేకుండానే నడిచాయి. అంకె లేదని అవి ప్రసారాలు ఆపేయలేదు. ఇది గుర్తుంచుకోవాల్సిన సంగతి అని నేననుకుంటాను. గంటగంటకూ అరుపులు, కేకలు పెట్టేది రేటింగు కోసమేనని ఎవరైనా చెబితే, రేటింగు లేని ఏడాదిన్నర కూడా ఆ అరుపులు తగ్గలేదని మనకు తెలుసు.

తిరిగి మొదలైనప్పుడు ఒక మంచి మార్పు వచ్చింది. వార్తా ఛానళ్లకు ఒక్క వారం అంకె కాకుండా నాలుగు వారాల సగటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎందుకంటే చిన్న లెక్కలో ఊగిసలాట ఎక్కువ. రాత్రి పది తర్వాత ఒక తెలుగు వార్తా ఛానల్ చూసే మీటరు ఇళ్లు కొద్దిగానే ఉంటాయి. అందులో రెండు కుటుంబాలు పెళ్లికని ఊరెళితే చాలు, ఆ వారం రేటింగు పడిపోతుంది. ఛానల్ ఏ తప్పూ చేయలేదు. యాంకరు బాగానే చదివాడు. పెళ్లి ముహూర్తం అలా వచ్చింది. అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు సెట్‌టాప్ బాక్స్ ఆన్ చేయగానే ఒక ఛానల్ తనంతట తానే వస్తుంది. మీరు అడగలేదు. రిమోట్ నొక్కలేదు. అయినా వస్తుంది. దాన్ని ల్యాండింగ్ పేజీ అంటారు. ఆ చోటు కోసం ఛానల్ కేబుల్ కంపెనీకి డబ్బు కడుతుంది. మీటరున్న ఇంట్లో బాక్స్ ఆన్ చేయగానే ఆ ఛానల్ ధ్వని గుర్తు మీటరుకు వినపడుతుంది. మీరు కావాలని చూశారా, అదే వచ్చిందా అన్నది మీటరుకేం తెలుసు? ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, 2017లో ఒకసారి, 2018లో మరోసారి ఈ పద్ధతిని ఆపమంది. టీడీశాట్ అనే ట్రిబ్యునల్ 2019లో ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ట్రాయ్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇలా వచ్చి పడే అంకెలను ఏరేయడానికి బార్క్ తన లెక్కలో ఒక జల్లెడ పెట్టుకుంది.

సరే. మీటరు లెక్క ఇదీ. మీరు అందులో లేరు. ఇప్పుడు రెండో లెక్కకు వద్దాం. చందా లెక్క. ఇందులో మీరున్నారు.

ఛానల్ తయారుచేసేవాళ్లు ఒక చివర. మనం ఇంకో చివర. నడుమ ఇద్దరున్నారు. పెద్ద కేబుల్ కంపెనీ, అంటే ఎమ్మెస్వో. మీ వీధికి వైరు లాగి నెలకోసారి డబ్బు వసూలు చేసుకునే స్థానిక ఆపరేటరు. డిష్ పెట్టుకున్నవాళ్లకైతే నడుమ ఒక్క కంపెనీయే. ఫోన్‌లో "పైనుంచే" అని మీ ఆపరేటరు అన్నాడే, ఆ పైన ఉన్నది ఈ ఎమ్మెస్వో, ఆ పైన ఛానల్ కంపెనీ. గొడవ వచ్చేది వాళ్లిద్దరి మధ్య.

గొడవ దేనికి? ఎవరు ఎవరికి డబ్బివ్వాలన్నదానికే.

వినండి. జనం తప్పక కావాలనే ఛానల్ అయితే కేబుల్ కంపెనీ ఛానల్‌కు డబ్బిస్తుంది. ఆ డబ్బు మన చందాలోంచి వెళుతుంది. జనం అంతగా అడగని ఛానల్ అయితే తిరగబడుతుంది. ఛానలే కేబుల్ కంపెనీకి డబ్బు కడుతుంది, నన్ను నీ నెట్‌వర్క్‌లో పెట్టుకో అని. దాన్ని క్యారేజ్ ఫీజు అంటారు. డబ్బు ఏ వైపు పారుతుందో నిర్ణయించేది మన చందాయే.

మరి ఛానల్ ఎందుకు డబ్బు కట్టి మరీ ఎక్కాలి? ఇక్కడే రెండు లెక్కలూ కలుస్తాయి. మీటరున్న ఇంటికి ఛానల్ అందకపోతే మీటరు దాన్ని లెక్కించలేదు. ఎంత మంచి కార్యక్రమమైనా సరే, అందకపోతే రేటింగు సున్నా. సెట్‌టాప్ బాక్సులు లేని రోజుల్లో కేబుల్ వైరులో పట్టే ఛానళ్లు తక్కువ. ఎక్కాలనుకునే ఛానళ్లు ఎక్కువ. అప్పుడు మీటర్లున్న పట్టణాల్లో క్యారేజ్ ఫీజు బాగా ఎక్కువగా ఉండేది. మీటరు లేని ఊళ్లో ఛానల్ వచ్చినా రాకపోయినా పట్టించుకునేవారు కాదు. ప్రేక్షకుడు ఎక్కడున్నా ప్రేక్షకుడే. కానీ డబ్బు మీటరు ఎక్కడుందో అక్కడికే వెళ్లింది.

తర్వాత డిజిటల్ వచ్చింది. హైదరాబాదు, విశాఖపట్నం 2013లో రెండో విడతలో మారాయి. దేశమంతా మారేసరికి 2017 వచ్చింది. ఇప్పుడు ప్రతి బాక్సుకూ ఒక నంబరుంది. ఏ బాక్సుకు ఏ ఛానళ్లు ఇచ్చారో కేబుల్ కంపెనీ కంప్యూటరులో కనిపిస్తుంది. ఆ లెక్కను ఆడిట్ చేయొచ్చు. మీటరు 58 వేల ఇళ్లను చూసి అందరి గురించీ ఊహిస్తుంది. బాక్సు లెక్కకు ఊహ అక్కర్లేదు. ప్రతి ఇల్లూ ఒకటి, రెండు, మూడు అని లెక్కకు వస్తుంది. మరోసారి చెబుతాను. మీటరు లెక్కలో మీరు లేరు. చందా లెక్కలో ఉన్నారు.

ఆ లెక్క ఎలా తీస్తారో 2017 నిబంధనల్లో రాశారు. నెలకు నాలుగు రోజులు చూస్తారు. 7వ తేదీ, 14వ తేదీ, 21వ తేదీ, 28వ తేదీ. ఆ రోజుల్లో రాత్రి ఏడు నుంచి పదకొండు లోపల ఒక సమయంలో ఏ ఛానల్‌కు ఎంతమంది చందాదారులున్నారో నమోదు చేస్తారు. నాలుగింటి సగటు తీస్తారు. ఆ నెలకు అదే లెక్క. మీరు ఊళ్లో ఉన్నా లేకున్నా, టీవీ చూసినా చూడకున్నా, ఆ ఛానల్ మీ ప్యాక్‌లో ఉంటే మీరు చందాదారే. ఒకసారి కూడా తెరవని ఛానల్‌కు కూడా మీరు లెక్కలో ఉంటారు. ఇది ఆలోచించాల్సిన విషయం.

డబ్బు ఎంత? 2019 ఫిబ్రవరిలో కొత్త పద్ధతి వచ్చినప్పుడు గుర్తుందా? ప్రతి పే ఛానల్‌కూ విడిగా ధర పెట్టారు. స్టార్ మా, జీ తెలుగు, జెమిని ఒక్కొక్కటి నెలకు 19 రూపాయలు. పైన పన్ను. ప్యాక్‌లో చేర్చే ఛానల్‌కు 19 రూపాయలు దాటకూడదన్నది అప్పటి పరిమితి. అందుకే పెద్ద ఛానళ్లన్నీ ఆ గీత దగ్గరే నిలబడ్డాయి. ఆ 19 రూపాయల్లో కనీసం 20 శాతం పంపిణీ చేసేవాళ్లకు పోతుంది. మిగిలింది ఛానల్‌ది. ట్రాయ్ 2020 జనవరిలో ఆ పరిమితిని 12 రూపాయలకు తగ్గించింది. ఛానళ్లవాళ్లు కోర్టుకెక్కారు. 2022 నవంబరులో ట్రాయ్ మళ్లీ 19 చేసింది.

శివరాత్రి నాటి గొడవకు మూలం ఇక్కడుంది. 19 పరిమితి తిరిగి రాగానే ఛానళ్లు 2023 ఫిబ్రవరి నుంచి కొత్త ధరలు ప్రకటించాయి. పెద్ద కేబుల్ కంపెనీల సమాఖ్య ఒప్పుకోలేదు. ధర పెంచితే జనం కేబుల్ మానేస్తారని వాళ్ల వాదన. చాలామంది సంతకం చేశారు, మీరెందుకు చేయరని ఛానళ్ల వాదన. సంతకం చేయని కంపెనీలకు స్టార్, జీ, సోనీ సిగ్నల్ ఆపేశాయి. దాదాపు 4.5 కోట్ల ఇళ్లకు ఇబ్బంది కలిగిందని కేబుల్ సమాఖ్య చెప్పింది. కేరళ హైకోర్టుకూ వెళ్లింది. అక్కడ వాళ్లకు ఊరట దొరకలేదు. వారం తిరిగేలోపు సంతకాలయ్యాయి. ఛానళ్లు వచ్చాయి. ఆ వారం రోజులూ ఇద్దరూ ప్రేక్షకుడి పేరు చెప్పే వాదించుకున్నారు. ప్రేక్షకుణ్ణి అడిగినవాళ్లు లేరు.

ఇది డబ్బు గొడవ. డబ్బు గొడవైతే ఎప్పటికో తెగుతుంది. డబ్బు గొడవ కానివీ ఉన్నాయి. అవి నన్ను ఎక్కువ బాధపెడతాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ జరిగాయి. 2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన రెండు వారాలకు, అక్కడి కేబుల్ నెట్‌వర్కుల్లో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఆగిపోయాయి. నెలల తరబడి రాలేదు. 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక అనేక కేబుల్ నెట్‌వర్కుల్లో టీవీ9, సాక్షి, ఎన్టీవీ, 10టీవీ ఆగిపోయాయి. టీవీ9 ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. ప్రసారాలు పునరుద్ధరించమని కోర్టు కేబుల్ కంపెనీలను ఆదేశించింది.

ఈ ఛానళ్లలో ఏది మీకు నచ్చుతుందో, ఏది నచ్చదో నాకు తెలియదు. తెలియాల్సిన పని లేదు. నచ్చని ఛానల్‌ను మార్చుకోవడానికి మీ చేతిలో రిమోట్ ఉంది. మీ తరఫున మార్చే హక్కు నడుమనున్న కేబుల్ కంపెనీకి లేదు. అది ఈ పార్టీ హయాంలోనైనా, ఆ పార్టీ హయాంలోనైనా. మీరు డబ్బు కట్టి తెచ్చుకున్న ఛానల్ అది. ఇంకా ఒక మాట. ఆగిన ఛానల్‌కు రేటింగు కూడా పడిపోతుంది. మీటరున్న ఇళ్లకు అందడం లేదు కదా. అప్పుడు "చూశారా, జనమే చూడటం మానేశారు" అనేవాళ్లు వస్తారు. జనం మానలేదు. జనానికి అందలేదు. ఈ తేడా పేపర్లో వచ్చే రేటింగు పట్టికలో కనిపించదు.

ఇప్పుడు మనం చేయగలిగింది మాట్లాడుకుందాం.

ముందు చందా బలమెంతో వినండి. 2017లో ట్రాయ్ క్యారేజ్ ఫీజుకు ఒక మెట్ల వరస పెట్టింది. లక్ష బాక్సులున్న ఒక నెట్‌వర్క్ అనుకుందాం. మామూలు ఛానల్‌కు బాక్సుకు నెలకు 20 పైసలకు మించకూడదు. అంటే 20 వేల రూపాయలు. ఆ లక్షలో 5 వేల ఇళ్లు ఆ ఛానల్‌ను ఎంచుకుంటే ఫీజు 15 వేలకు దిగుతుంది. 10 వేల ఇళ్లు ఎంచుకుంటే 10 వేలకు దిగుతుంది. 15 వేల ఇళ్లయితే 5 వేల రూపాయలే. 20 వేల ఇళ్లు, అంటే అయిదింట ఒక ఇల్లు ఎంచుకుంటే ఫీజు సున్నా. తర్వాత సవరణలొచ్చాయి. 2020లో నెలకు 4 లక్షల రూపాయల పైపరిమితి పెట్టారు. 2024లో ఎస్‌డీ, హెచ్‌డీ తేడా తీసేశారు. అయితే ఆ మెట్ల వరస వెనక ఉన్న ఆలోచన చూడండి. అయిదింట ఒక ఇల్లు కావాలని ఎంచుకుంటే, ఆ ఛానల్‌ను చూపించినందుకు కేబుల్ కంపెనీ డబ్బడగకూడదు. ఒక చిన్న ఛానల్‌ను, సాహిత్యమో సంగీతమో వ్యవసాయమో చూపించే ఛానల్‌ను నిలబెట్టేది ఇలా ఎంచుకున్న ఇళ్లే. మంచి కార్యక్రమాలు రావడం లేదని బాధపడే మనం, వచ్చినప్పుడు వాటిని ఎంచుకుంటున్నామా?

ఎంచుకోవడం కష్టమేం కాదు. ఒక వారం పాటు టీవీ పక్కన ఒక కాగితం పెట్టండి. ఇంట్లో ఎవరు ఏ ఛానల్ చూసినా దాని పేరు రాయమనండి. నాన్నమ్మ భక్తి ఛానల్, ఆయన వార్తలు, పిల్లల కార్టూన్లు, పాత సినిమాలు, అన్నీ. వారం చివర ఆ కాగితాన్ని, మీ ప్యాక్‌లో ఉన్న ఛానళ్ల జాబితాను పక్కపక్కన పెట్టి చూడండి. మీరు ఎవరికి డబ్బు కడుతున్నారో, ఏం చూస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. మీరు తెరవని ఛానల్‌ను తీసేయమనండి. మీరు చూసే ఛానల్ ప్యాక్‌లో లేకపోతే విడిగా అడగండి. ప్రతి ఛానల్‌నూ విడిగా తీసుకునే హక్కు మీకుంది. ప్యాకే తీసుకోవాలని బలవంతం చేయకూడదు. ఒక్కోసారి విడిగా తీసుకుంటే ప్యాక్ కంటే ఎక్కువ పడుతుంది. అది చూసుకోండి. ధరలు తెలియకపోతే చాలా నెట్‌వర్కుల్లో 999 నంబరు ఛానల్‌లో చూపిస్తారు. ఉచిత ఛానళ్లకు విడిగా ధర ఉండదు. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి లాంటివి నెట్‌వర్క్ తప్పనిసరిగా చూపించాల్సిందే.

మార్చుకోవాలంటే నెల మొదట్లో, 7వ తేదీలోపు మార్చుకోండి. ఎందుకో మీకిప్పుడు తెలుసు. 7, 14, 21, 28. ఆ నాలుగు రాత్రులూ మీ ఎంపిక లెక్కకు వస్తుంది.

ఇక ఛానల్ ఆగిపోతే. వెంటనే ఆపరేటరు మీద విరుచుకుపడకండి. మీ వీధి ఆపరేటరు చేతిలో నిజంగానే చాలావరకు ఏమీ ఉండదు. తిట్లు తినేది మాత్రం అతనే. కానీ అడగాల్సింది అడగండి. ఎవరు ఆపారు, ఛానల్ కంపెనీయా, కేబుల్ కంపెనీయా అని అడగండి. నోటీసు ఇచ్చారా అని అడగండి. ఎందుకంటే ఎవరు ఆపాలన్నా మూడు వారాల ముందు రాతపూర్వకంగా, కారణం చెప్పి నోటీసు ఇవ్వాలి. ప్రేక్షకులకు కూడా తెర మీద స్క్రోల్ వేసి ముందే తెలియజేయాలి. రాత్రికి రాత్రి ఆగిపోయిందంటే ఎక్కడో నియమం తప్పారన్నమాట. సాంకేతిక లోపం అని చెబితే, ఎప్పటికి సరిచేస్తారో అడగండి. మిగతా ఛానళ్లన్నీ చక్కగా వస్తూ ఒక్కటే రోజుల తరబడి లోపంలో ఉంటే, అది యంత్రం లోపమని నమ్మక్కర్లేదు. నోటిమాటగా కాకుండా ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. ప్రతి కంపెనీకీ ఫిర్యాదులు వినే నోడల్ అధికారి ఉండాలి. పై ఫిర్యాదు ఆయనకు వెళ్లాలి. మీ ఒక్క ఫిర్యాదుతో ఛానల్ తిరిగి వస్తుందని చెప్పను. కానీ కేసు కోర్టుకు వెళ్లినప్పుడు, చందాదారులు ఎవరూ అడగలేదు అనే మాట అనడానికి వీలుండదు.

చివరగా డబ్బు సంగతి. ఆగిన ఛానల్‌కు, ఆగిన రోజు నుంచి మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. అందుకని ఛానల్ ఏ రోజు ఆగిందో ఆ తేదీ క్యాలెండరు మీదే రాసి పెట్టుకోండి. నెలాఖరున ఆపరేటరు వచ్చినప్పుడు ఆ తేదీ చూపించండి. ఆ ఛానల్ తాలూకు రూపాయలు తగ్గించి బిల్లు ఇమ్మనండి. డిష్ ఉన్నవాళ్లు రీఛార్జ్ చేసే ముందే ఆ ఛానల్‌ను జాబితాలోంచి తీయించండి. మళ్లీ వచ్చాక చేర్చుకోవచ్చు.